గెడ్డలోకి వదిలే నీళ్లు

ఉదయం ఆరూ ఇరవైకి కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సెక్కాను. ఒళ్లో థర్మాకోల్ పెట్టె ఉంది. హార్బర్‌లో చేపలకు వాడే పెట్టె అది, మా వదిన ఇచ్చింది. ఎంత తోమినా దాని వాసన పోలేదు.

"సేపలేటమ్మా?" అన్నాడు కండక్టరు.

"కాదు, నీళ్లు."

"నీల్లకి ఐసెందుకు?"

"మురుగునీళ్లు. పరీక్షకు తీసుకెళ్తున్నాను."

ఆయన పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఆడోల్లకి టిక్కెట్టు లేదన్నారు గానీ, మురుగునీల్లకి లేదని నాకెవులూ సెప్పలేదు" అన్నాడు. వెనక సీట్లో కాలేజీ పిల్లలు నవ్వారు. నా పక్కనున్నావిడ మాత్రం నవ్వలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు జరిగింది.

నేనూ నవ్వాను. అన్నయ్య పోయాక పరాయి మనుషుల మధ్య నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

నేను నగరంలోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుని. ఇళ్ల నుంచి వచ్చే మురుగును మా దగ్గర పెద్ద ట్యాంకుల్లో గాలి కొట్టి ఉంచుతాం. ఆ గాలికి పెరిగే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. తర్వాత బురదను కిందికి దిగనిచ్చి, పైన తేరిన నీటికి క్లోరిన్ కలిపి పక్కనే పారే వాగులోకి, మా వైపు మాటలో గెడ్డలోకి, వదులుతాం. ఆ గెడ్డ సముద్రంలో కలిసే చోటే మా పుట్టింటివాళ్ల ఇళ్లు. నాన్న వేటకు వెళ్లేవాడు. తర్వాత అన్నయ్య వెళ్లాడు. నన్ను మాత్రం చదివించారు.

ఒక రోజు వల దులుపుతుంటే అన్నయ్య అరచేతిలో జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. అలాంటివి వాడికి లెక్కలేదు. ముల్లు పీకేసి, చెయ్యి గెడ్డలో కడుక్కుని, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. తర్వాత చెయ్యి వాచింది. తర్వాత జ్వరం. ఆసుపత్రిలో ఒక మందు తర్వాత ఒకటి మార్చారు. చివరికి డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, "మా దగ్గరున్న మందుల్లో దేనికీ ఇది లొంగడం లేదమ్మా" అన్నారు. ఆయన గొంతు తగ్గించి చెప్పారు గాని మాట దాచలేదు. అందుకు నాకు ఆయన మీద గౌరవం.

ఆ సూక్ష్మజీవి గెడ్డలోంచే వచ్చిందని నేను చెప్పలేను. ముల్లు మీద ఉండొచ్చు, సముద్రంలో ఉండొచ్చు, ఆసుపత్రిలోనే పట్టుకుని ఉండొచ్చు. నా దగ్గర ఆధారం లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక్కటే: అన్నయ్య చెయ్యి కడుక్కున్న చోటే మా వదిన రోజూ పొద్దున్న చేపల ట్రేలు కడుగుతుంది. ఆమె వేళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉంటుంది. చేపలు కోసే చేతులకు అది తప్పదు.

వద్దని చెప్పి చూశాను. ఆమె ట్రే బోర్లించి నా వైపు తిరిగింది.

"ఈ నీల్లు మీ ప్లాంటువే కదేటి?"

"అవును."

"నువ్వే సుబ్బరం సేత్తన్నానంటావు. మల్లీ నువ్వే సెయ్యి పెట్టకంటావు. ఏటమ్మా నీ సదువు?"

"వదినా, కొళాయి నీళ్లతో..."

"కొళాయా! అది వచ్చినప్పుడు నానుండను, నానున్నప్పుడు అది రాదు. ఉప్పునీల్లతో కడిగితే జిగురు పోదు." పక్కనున్న ఆడవాళ్లకు వినబడేలా ఇంకాస్త గొంతు పెంచింది. "సూసేరా, మా ఆడపడుచు మురుగునీల్లకి మేస్టరమ్మ. ఇంట్లో మాత్రం గ్లాసు కడగదు."

రబ్బరు గ్లవ్స్ కొనిచ్చాను. రెండు రోజులు వేసుకుని తీసి పారేసింది. చేప జారిపోతోందట.

కాబట్టి ఆమె చేతులను గెడ్డలోంచి తీయించడం నా వల్ల కాదని తెలిసింది. గెడ్డలోకి వచ్చే నీళ్లే మారాలి. ఆ నీళ్లు మా చేతుల్లోంచే వెళ్తున్నాయి.

చదవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అన్నయ్య పోయాక కథలు చదవలేకపోయాను. పరిశోధన వ్యాసాలు చదవగలిగాను. వాటిలో ఎవరూ ఓదార్చరు. అలా చదువుతుంటే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. మందుకు లొంగని సూక్ష్మజీవిలో ఆ లొంగనితనం ఒక జన్యువులో ఉంటుంది. క్లోరిన్ సూక్ష్మజీవిని చంపుతుంది. కానీ చచ్చినదాని జన్యువు చెక్కుచెదరకుండా నీళ్లలో మిగిలిపోవచ్చు. బతికున్న ఇంకో సూక్ష్మజీవి దాన్ని లోపలికి తీసుకుంటే, అది కూడా మందుకు లొంగదు. మేం రోజూ చేసే పరీక్షలో బతికున్నవి మాత్రమే లెక్కకొస్తాయి. మా పరీక్ష ప్రకారం మా నీళ్లు బాగున్నాయి. మిగిలిపోయిన జన్యువుల సంగతి మేం ఎప్పుడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి క్లోరిన్ ట్యాంకు దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఎన్నో నెలల తర్వాత తెల్లారితే చెయ్యడానికి నాకొక పని దొరికింది.

రుషికొండ వైపు ఒక కాలేజీ ల్యాబులో ఒక పరిశోధకురాలు సరిగ్గా ఇదే పని చేస్తోందని తెలిసి, వెళ్లి కలిశాను. ముప్పై నిండని అమ్మాయి. మాట వేగం, నడక వేగం. నేను చెప్పింది సగం విని, "మేడమ్, సీసాలు ఎప్పుడు తెస్తారు?" అంది. అందుకే ఆ థర్మాకోల్ పెట్టె, ఆ బస్సు.

ఆమె దగ్గరున్నది పీసీఆర్ యంత్రం. కరోనా రోజుల్లో అందరి నోటా విన్న పరీక్షే. నీళ్లలో మనం వెతికే జన్యువు ఉంటే దాన్ని మళ్లీ మళ్లీ రెట్టింపు చేస్తుంది. తెర మీద ఒక గీత అడుగున చదునుగా సాగి, ఒక చోట పైకి లేస్తుంది. జన్యువు ఎక్కువుంటే గీత తొందరగా లేస్తుంది. తక్కువుంటే ఆలస్యంగా లేస్తుంది. లేకపోతే లేవదు. అంతే. నాకు ఆ నిరాడంబరత నచ్చింది.

మొదటి రోజు రెండు గీతలు చూశాం. క్లోరిన్‌కు ముందు నీళ్లది ఒకటి, తర్వాత నీళ్లది ఒకటి. రెండూ దాదాపు ఒకే చోట లేచాయి.

"మీ క్లోరిన్ మనుషుల్ని చంపేసి సామాను వదిలేసింది మేడమ్" అంది ఆ అమ్మాయి.

బాధపడాల్సిన మాట. నేను మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇంకోసారి చూపించు" అన్నాను.

తర్వాత పని చకచకా సాగింది. కాలేజీవాళ్ల చిన్న శుద్ధి యూనిట్ ఒకటి మా షెడ్డులోకి వచ్చింది. ఒక డ్రమ్ములో నీటికి పటిక కలుపుతారు, మురికి గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. జన్యువులు కూడా చాలావరకు ఆ గడ్డలతోనే దిగిపోతాయి. తర్వాత ఆ నీళ్లు ఒక ఇసుక గొట్టంలోంచి జారతాయి. చివర యూవీ ల్యాంపు. దాని వెలుగు తగినంతసేపు తగిలితే మిగిలిన జన్యువులు కూడా తెగిపోతాయి. నీళ్లు మసకగా ఉంటే మాత్రం ఆ వెలుగు లోపలికి వెళ్లదు. అందుకే ముందు పటిక, ఇసుక.

మా ఇంజనీరుగారు అడ్డు చెప్పలేదు. "నెలాఖరుకు మీటింగు ఉందమ్మా. తేడా చూపిస్తే గెడ్డలోకి వెళ్లే మొత్తం నీటికి ఇదే పెడదామని రాస్తాను. చూపించకపోతే యూనిట్ వాళ్లది వాళ్లకి పంపేద్దాం" అన్నారు.

పటిక పనిచేసింది. దాని తర్వాత నీళ్ల గీత ఎంత ఆలస్యంగా లేచిందంటే, ఆ అమ్మాయి తెర మీద వేలు పెట్టి, "ఇది మీదేనా?" అని సీసా మీద చీటీ మళ్లీ చూసింది. ఇద్దరం కాంటీన్‌కు వెళ్లి పెసరట్టు తిన్నాం. ఆమె ఆరోజు నుంచి నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది.

ఇసుక దాటిన నీళ్ల గీత మాత్రం మళ్లీ ముందుకొచ్చేసింది. పటిక తీసేసినదాన్ని ఇసుక తిరిగి కలుపుతున్నట్టుంది. ల్యాంపు తర్వాత కూడా పెద్ద తేడా లేదు.

ల్యాబులో ఏదో కలిసిపోయిందనుకున్నాం. శుద్ధమైన నీళ్లు పెట్టి చూస్తే గీత లేవలేదు. తప్పు ల్యాబుది కాదు. ఇసుక కడిగించాను. కడిగాక తెచ్చిన నీళ్లలో జన్యువులు ఇంకా ఎక్కువున్నాయి.

కడిగిన ఇసుక, కడగని ఇసుక కంటే మురికిగా ఉండడం ఏమిటి? బస్సులో అదే ఆలోచిస్తూ నా స్టాపు దాటిపోయాను. నెలాఖరు దగ్గర పడుతోంది. భయం ఉండాలి, ఉంది కూడా. కానీ భయం కంటే ఆ ప్రశ్న పెద్దది. ఎక్కడో ఒక మామూలు పని జరుగుతోంది, దాన్ని నేను చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది.

మర్నాడు ఇసుక కడిగే వేళకు ముందే వెళ్లి షెడ్డు బయట నిలబడ్డాను.

ఇసుక పని చూసే ఆపరేటరు విజయనగరం వైపు రైతుల ఇంటి మనిషి. ఊళ్లో పొలం, ఇక్కడ షిఫ్టు డ్యూటీ. అతనికి సాయంగా ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఇసుకను అడుగు నుంచి నీటితో ఎగదన్ని కడిగారు. చాలా శ్రద్ధగా కడిగారు. బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా ఆగలేదు. నాకేమీ తప్పు కనిపించలేదు.

అప్పుడు ఆపరేటరు, "బావా, ఆ బకెట్టిలా తే" అన్నాడు.

గాలి కొట్టే ట్యాంకులోంచి తెచ్చిన బకెట్టు అది. నిండా గోధుమరంగు బురదనీళ్లు. అతను మగ్గుతో తీసి, ఇసుక మీద చుట్టూ తిప్పుతూ పోశాడు. కల్లాపి చల్లినంత సమంగా.

"ఏమిటది?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

అతను ఉలిక్కిపడ్డాడు. మగ్గు గొట్టంలో పడింది. "తోడు మేడమ్" అన్నాడు.

"తోడా?"

"కొత్తగా కడిగిన ఇసక కదా మేడమ్. తోడెయ్యకపోతే ఎప్పటికి తయారవుతాది? గాలి ట్యాంకు కడిగినప్పుడు పాత బురద ఎయ్యమని మీరే సెప్తారు కదా."

"ప్రతిసారీ వేస్తున్నారా?"

"పెతీసారీ. మీ పరీచ్చ తొందరగా అవ్వాలని మొన్న రెండు మగ్గులు ఎక్కువేసేను కూడా."

ఎలక్ట్రీషియన్ నా మొహం చూసి, "బావా, నీ పెరుగు పులిసిపోయిందిరా" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆపరేటరు మొదట బిక్కచచ్చిపోయి, తర్వాత తనూ నవ్వాడు. అతను చెప్పింది గాలి ట్యాంకు విషయంలో సరైనదే. అక్కడ మురికిని తినే సూక్ష్మజీవులు కావాలి, పాత బురద వేస్తే తొందరగా పెరుగుతాయి. ఇళ్లలో పాలు తోడుపెట్టినట్టే మా ప్లాంటులో ఎప్పటి నుంచో చేస్తున్న పని. ఏ ట్యాంకు కడిగినా, ఏది కొత్తగా నింపినా, ఒక బకెట్టు పాతది పోస్తారు. అది వాళ్ల చేతికి వచ్చిన పని. కానీ ఆ బురదలోనే ఊరందరి ఇళ్ల నుంచి వచ్చిన సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉంటాయి. మందులకు లొంగనివి కూడా. ఇసుకకు వేసిన తోడు అదే.

మెట్టు మీద కూర్చుని ఇద్దరికీ చెప్పాను. ఆపరేటరు చివరిదాకా విని, "అయితే నాను పోసినదాన్నే మీరు రుషికొండ తీసుకెల్లి ఎతుకుతన్నారన్నమాట" అన్నాడు.

"అన్నమాటే."

"బస్సు మీద."

"బస్సు మీదే."

"సెప్తే ఇక్కడే సూపించేద్దును కదా మేడమ్."

ఆ ఇసుక మొత్తం తీసి పారేశాం. కొత్త ఇసుక కడిగి నింపాం. ఈసారి ఏమీ వెయ్యలేదు. తోడు లేని ఇసుక కుదురుకోవడానికి టైం పడుతుంది. మొదట్లో నీళ్లు మసకగానే వచ్చాయి. వాటిని కిందికి వదలకుండా మళ్లీ మొదటి ట్యాంకులోకే తిప్పించాను. ఆపరేటరు గ్లాసులో నీళ్లు పట్టి, వెలుగుకు ఎత్తి, నా వైపు అనుమానంగా చూసేవాడు. "రెండు సుక్కలేత్తే ఇయ్యాలే తేలిపోను" అనేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. మీటింగు దగ్గర పడుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే వదిన కత్తిపీట మీద చూపుడు వేలు కోసుకుంది. గుడ్డ కట్టుకుని మర్నాడు మామూలుగానే గెడ్డలో ట్రేలు కడిగింది. నాకు తెలిసి పరుగున వెళ్లేసరికి గుడ్డ తడిసి నల్లగా ఉంది. విప్పి చూశాను. సబ్బుతో కడిగాను. ఆమె నన్ను కొట్టలేదు గాని అంతపనీ చేసింది.

"ఓలమ్మ, ఒగ్గేయే! ఏలు తెగిపోనాదేటి? గాటు."

నేను వేలు వదల్లేదు. కాసేపటికి ఆమె కూడా చెయ్యి గుంజుకోవడం మానేసింది. మేం ఇద్దరం ఒకే మనిషి చెయ్యి గురించి ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు. పేరెత్తలేదు.

ఆ గాటు మామూలు మందుకే మానింది. దాని వల్ల నీళ్ల గురించి ఏమీ రుజువు కాదు. అయినా మానేదాకా రోజూ వెళ్లి చూశాను.

నీళ్లు తేటపడిన రోజు ఆపరేటరే ఫోన్ చేశాడు. సీసాలు నింపి, ఐసు వేసి, మళ్లీ అదే బస్సు. ఈసారి కండక్టరు వేరే మనిషి, పెట్టెలో ఏముందని అడగలేదు. కొంచెం నిరాశపడ్డాను.

ల్యాబులో ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. ముందుగా ప్లాంటు నుంచి వచ్చిన నీళ్ల గీత లేచింది, ఎప్పుడూ లేచే చోటే. చాలాసేపటికి పటిక నీళ్లది. ఇక ఇసుక నీళ్లది లేవాలి. అది చదునుగా సాగుతోంది. ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. ఇంకా చదునుగానే ఉంది. పటిక గీతను దాటి చాలా దూరం పోయాక నెమ్మదిగా తల ఎత్తింది. ల్యాంపు నీళ్లది దాదాపు చివర్లో, శుద్ధమైన నీళ్ల గీత పక్కన, లేచిందా లేదా అన్నట్టు కదిలింది.

"అక్కా!" అని ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. నేనూ లేచాను. ఎందుకు లేచామో తెలీదు, వెళ్లాల్సిన చోటేమీ లేదు. ఇద్దరం నిలబడి తెరనే చూశాం. ఇది అన్నయ్యకు పనికిరాదని ఆ క్షణంలోనే తోచింది. తోచినా సంతోషం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని నాకు అంతకుముందు తెలీదు.

మూడు వేర్వేరు రోజుల నీళ్లతో మళ్లీ చేశాం. అదే ఫలితం వచ్చింది. ఆపరేటరుకు ఫోన్ చేశాను.

"వచ్చిందేటి మేడమ్?"

"లేటుగా వచ్చింది."

"లేటయితే మంచిదేనా?"

"చాలా మంచిది."

"మా రాయగడ పాసింజరు ఎంత లేటయినా ఎవులూ ఇలా సంబరపడిపోరు మేడమ్" అన్నాడు. వెనక నుంచి ఎలక్ట్రీషియన్ అరుపు వినిపించింది: "పార్టీ ఎప్పుడో అడగరా బావా!"

మీటింగులో కరెంటు ఖర్చు గురించి అడిగారు, స్థలం గురించి అడిగారు. ఇంజనీరుగారు చెప్పాల్సింది చెప్పారు. నన్ను, "జన్యువులు పూర్తిగా పోతాయా?" అని అడిగారు. పోవని చెప్పాను. చాలా తగ్గుతాయి, ల్యాంపులు తుడవకపోయినా పటిక సరిగా కలపకపోయినా మళ్లీ పెరుగుతాయి, వానల్లో కష్టమవుతుంది అన్నాను. అలా చెప్పడం వల్ల పని చెడుతుందేమోనని ఇంజనీరుగారు నా వైపు చూశారు. చెడలేదు.

ఇప్పుడు గెడ్డలోకి వెళ్లే నీళ్లన్నీ పటిక, ఇసుక, ల్యాంపుల మీదుగానే వెళ్తున్నాయి. ఆ వరసంతా కట్టి నడపడానికి ఏడాది పైనే పట్టింది. గెడ్డలోకి మధ్యలో వేరే కాలువలు కూడా కలుస్తాయి. అవి మా చేతిలో లేవు. మా నీళ్లు మా చేతిలో ఉన్నాయి.

కొత్త నీళ్లు మొదలైన రోజు వెళ్లి వదినకు చెప్పాను. ఆమె ట్రే తోముతూనే వింది.

"అయితే ఇప్పుడు సెయ్యి పెట్టొచ్చా?"

"గాటు లేకపోతే పెట్టు. ఉంటే వద్దు. ఇంటికెళ్లాక సబ్బుతో కడుక్కో."

"ఇన్నాల్లు బస్సుల మీద తిరిగి, ఇదేనా సెప్పేది?"

"ఇదే."

ఆమె గెడ్డలోంచి దోసెడు నీళ్లు తీసి చూసింది. కంటికి కనిపించే తేడా ఏమీ లేదు. వేళ్ల సందుల్లోంచి వదిలేసి, "సరే, సబ్బు నువ్వే తేవాల మరి" అంది. తెస్తున్నాను. ఒడ్డు మీద ఒక డబ్బాలో పెడుతున్నాను. మిగతా ఆడవాళ్లు కూడా వాడుతున్నారు.

ప్లాంటులో ఇసుక పడకలు వంతులవారీగా కడుగుతాం. కడిగిన పడకలోంచి వచ్చే మొదటి నీళ్లను వెనక్కి తిప్పి, తేటపడేదాకా కాచుకుంటాం. కొత్తగా చేరినవాళ్లకు ఈ పని ఆ ఆపరేటరే నేర్పుతున్నాడు. గాలి ట్యాంకులకు పాత బురద వెయ్యడం మామూలే. ఇసుకకు తోడు వెయ్యడం లేదు.